‘సంబరాల ద్రాక్షతోట’ (1925): ఊరివాళ్ళకి కోపం దేని మీద?

రైన్‌ఒడ్డు
అందరికీ నమస్కారం. జర్మనీలో రైన్ నది ఒడ్డున మైన్జ్‌లో ఉంటున్నాను, ఆరేళ్ళయింది. మొన్న ద్రాక్షకోతల రోజుల్లో మా పక్క ఊళ్ళో కుర్రాళ్ళూ పెద్దవాళ్ళూ కలిసి కార్ల్ త్సుక్‌మయర్ రాసిన ‘డెర్ ఫ్రోలిషె వైన్‌బెర్గ్’ ఆడారు. మన మాటల్లో ‘సంబరాల ద్రాక్షతోట’ అనుకోండి. ఒక రైతు ఇంటి పెరట్లోనే ఆట. చెక్క బల్లలు, వైన్ గ్లాసులు, ఉల్లిపాయలు పరిచి కాల్చిన రొట్టె. మాటలు సగానికి సగం ఊరి యాస, నాకు అందలేదు. నా పక్కన ఎనభై దాటిన ఒకావిడ కూర్చుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటోంది. విరామంలో ఆవిడే చెప్పింది, వాళ్ళ నాన్న రోజుల్లో ఈ నాటకం పేరు ఇంట్లో ఎత్తనిచ్చేవారు కాదట.

కథ ఇది. రైన్‌హెస్సెన్ ప్రాంతం, 1921 శరదృతువు. గుండర్‌లోఖ్ అనే ద్రాక్షతోటల ఆసామి. తోట సగం అమ్మేసి, మిగతా సగం కూతురు క్లేర్‌షెన్‌కి కట్నంగా ఇచ్చేసి తను కాస్త ఊపిరి పీల్చుకుందామనుకుంటాడు. కాని ఒక షరతు పెడతాడు: పిల్ల కడుపుతో ఉందని తెలిశాకే పెళ్ళి. అల్లుడి వరసలో నిలబడ్డవాడు క్నూత్సియుస్, చదువుకున్న ఉద్యోగి, విద్యార్థి సంఘం మనిషి. నోరు తెరిస్తే జాతి, గౌరవం, దేశ ఆరోగ్యం. కన్ను మాత్రం ఆస్తి మీద. పిల్ల మనసు రైన్ నదిలో పడవ నడిపే సరంగు యోఖెన్ మోస్ట్ మీద. ఒక రాత్రంతా తాగుడు, పాటలు, పూటకూటింట్లో పెద్ద కొట్లాట, చీకట్లో జంటలు. తెల్లారేసరికి క్నూత్సియుస్ పెంటకుప్ప మీద పడి నిద్రపోతుంటాడు. చివరికి ఎవరి జంట వాళ్ళకి దొరుకుతుంది, క్నూత్సియుస్‌కి కూడా.

నా సందేహం ఒక్కటే. ఈ నాటకం వచ్చిన కొత్తలో దేశమంతా అట్టుడికిపోయిందట. ఇందులో అంత ఏముంది? నీతి తప్పిందన్నారట. ఊరికి తలవంపులన్నారట. ఈ రెండూ ఒకటేనా?

శారద_బెర్లిన్
రెండూ ఒకటి కాదండీ. అక్కడే మీరు సరైన దారి పట్టారు.

మొదట ఆట జరిగిన చోటు చూడండి. 1925 డిసెంబరు 22, బెర్లిన్, షిఫ్‌బవర్‌డమ్ నాటకశాల. మూడేళ్ళ తరవాత జర్మన్ నాటకకర్త బ్రెఖ్ట్ ‘మూడు పైసల సంగీత నాటకం’ మొదలైంది కూడా ఆ మెట్ల మీదే. ఇవాళ బెర్లినర్ ఆన్సాంబ్ల్ అనే నాటక సంస్థ ఉన్న భవనం అదే. త్సుక్‌మయర్‌కి అప్పటికి ఇంకా ఇరవై తొమ్మిది నిండలేదు, అయిదు రోజులు తక్కువ. మొదటి ప్రపంచయుద్ధంలో నాలుగేళ్ళు పడమటి సరిహద్దు కందకాల్లో గడిపి వచ్చిన మనిషి. 1920లో రాసిన మొదటి నాటకం బెర్లిన్‌లో నిలబడలేదు. కీల్ నగర నాటకశాలలో ఉద్యోగం చేస్తూ రోమన్ కవి టెరెన్స్ హాస్యనాటకాన్ని మరీ విచ్చలవిడిగా మార్చి ఆడించాడని 1923లో పని ఊడింది. మైన్జ్ దగ్గర తన సొంత ఊరి మనుషుల్ని, వాళ్ళ యాసని, వాళ్ళ తాగుడుని రంగం మీదికి తెచ్చాకే ఆయనకి రాత బాగుపడింది.

అప్పటిదాకా జర్మన్ రంగస్థలం మీద ఎక్స్‌ప్రెషనిజం రాజ్యం. పేర్లు లేని పాత్రలు: తండ్రి, కొడుకు, మనిషి. కేకలు, ప్రవచనాలు. యుద్ధం చూసొచ్చిన జనం దాంతో అలిసిపోయి ఉన్నారు. అటువంటి చోట పందిమాంసం, కొత్త వైన్, పెంటకుప్ప, ముద్దులు వచ్చేసరికి హాలంతా పడీ పడీ నవ్వింది. పేరు మోసిన విమర్శకుడు ఆల్ఫ్రెడ్ కెర్ లాటిన్ సామెతని మెలిపెట్టి ‘సిక్ ట్రాన్సిట్ గ్లోరియా ఎక్స్‌ప్రెసియోనిస్మి’ అని రాశాడు. ఎక్స్‌ప్రెషనిజం వైభవం ఇలా గతించింది అని. ఆ ఏడాది క్లైస్ట్ బహుమతి అనే సాహిత్య పురస్కారం ఈ నాటకానికే వచ్చింది. ఆ బహుమతి ఇచ్చేది సంఘం కాదు, ఆ ఏటికి ఎంపికచేసిన ఒక్క మనిషి. 1925లో ఆ మనిషి పౌల్ ఫెఖ్టర్, సంప్రదాయవాద విమర్శకుడు. కాబట్టి సంప్రదాయం వైపు ఉన్నవాళ్ళంతా దీన్ని చీదరించుకున్నారనే మాట నిజం కాదు.

మరి గొడవ చేసిందెవరు? బెర్లిన్ దాటి ఊళ్ళూ పట్నాలూ తిరగడం మొదలుపెట్టాక మూడు రకాల జనం లేచారు. చర్చి పెద్దలు, పెళ్ళికి ముందు కడుపు అనే షరతు చూసి. విద్యార్థి సంఘాలవాళ్ళు, జాతీయవాదులు, వాళ్ళతో పాటు నాజీలు, క్నూత్సియుస్‌ని చూసి. మూడోది రైన్‌హెస్సెన్ వైన్ రైతులు, తమని తాము చూసుకుని. ముగ్గురూ ‘నీతి’ అనే మాటే వాడారు. ముగ్గురి నొప్పీ వేరు.

కరీంనగర్ రాజన్న
శారదక్క చెప్పిన రెండో గుంపు కాడ నేను ఆగుత. గా పెంటకుప్పనే అసలు సంగతి.

జర చూడుర్రి, నాటకంల అందరు తాగుతరు, అందరు తప్పులు చేస్తరు. ఆసామి చేస్తడు, బిడ్డ చేస్తది, సరంగు చేస్తడు. వాళ్ళకెవ్వరికి శిక్ష లేదు. పెంట మీద పడ్డది ఒక్కడే, పొద్దుందాక ‘జర్మన్ జాతి పవిత్రత’ అని మాట్లాడినోడు. అది 1925. యుద్ధం ఓడిపోయి ఏడేండ్లే అయింది. ఆ మాటలు అప్పుడు ఉత్త మాటలు గావు, వీధులల్ల లాఠీలు పట్టుకొని తిరుగుతున్న మాటలు. ఆ మాటలు చెప్పేటోన్ని ఊరి పెంట మీద పండబెట్టి, పొద్దుగాల్ల జనంతోని నవ్విచ్చుడంటే చిన్న పని గాదు. గందుకే వాళ్ళకు మండింది. ‘మా విద్యార్థి సంఘాన్ని అవమానించిండు’ అంటే జనం నవ్వుతరు గదా, అందుకే ‘ఆడపిల్లల నీతి చెడగొడుతున్నడు’ అన్నరు.

1933ల అధికారం చేతికి రాంగనే త్సుక్‌మయర్ నాటకాలు ఆపేసిండ్రు. ఎనిమిదేండ్లు యాద్ పెట్టుకున్నరన్నట్టు.

పరిషత్ మాస్టారు
బాబూ రాజన్నా, నువ్వు చెప్పింది నాకూ నచ్చింది. కాని మూడో గుంపుని అంత తొందరగా దాటిపోకండి. ఊరివాళ్ళని.

నేను తెనాలి పక్క ఊరివాణ్ణి. ముప్పై ఏళ్ళు పరిషత్తు పోటీల్లో వేషాలు వేశాను. 1970ల్లో ఒక ఊళ్ళో మా నాటకం పెట్టారు. అందులో కరణం పాత్ర చెడ్డవాడు, ఆ వేషం నాది. పాత్ర పేరు రచయిత ఊరికే పెట్టుకున్నది. ఆ ఊరి నిజం కరణంగారి పేరూ అదేనని మాకు తెలియదు. మొదటి రంగంలో ఆ పేరు వినపడగానే జనం ఘొల్లుమన్నారు. నేను నా నటన పండిందనుకుని ఇంకా రెచ్చిపోయాను. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, చేతికర్ర పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. వెనకాల ఇద్దరు పిల్లలు. మనవలట. ఆ పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు నేను. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. ‘నీ తప్పేం లేదులే నాయనా’ అన్నాడాయన. కాని గడప లోపలికి మాత్రం రమ్మనలేదు.

అందుకని అడుగుతున్నాను శారదమ్మా. ఈయన తన ఊళ్ళోవాళ్ళ పేర్లు నిజంగానే వాడాడా? వాడితే ఊరివాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. దాన్ని నీతి అనండి, పరువు అనండి, ఆ ముసలాయన లేచి వెళ్ళిపోయినట్టే ఉంటుంది.

శారద_బెర్లిన్
మాస్టారూ, వాడాడు. త్సుక్‌మయర్ పుట్టింది 1896లో నాకెన్‌హైమ్‌లో. మైన్జ్‌కి దక్షిణంగా, రైన్ ఎడమ గట్టున ఉన్న ఊరు. తండ్రిది వైన్ సీసాల మూతుల మీద తొడిగే లోహపు తొడుగుల కార్ఖానా. అంటే ఆ ఊరి వైన్ రైతులందరితోనూ ఇచ్చిపుచ్చుకోవడాలున్న ఇల్లు. అదే ఊళ్ళో 1890 నుంచీ గుండర్‌లోఖ్ పేరుతో వైన్ తోటలున్నాయి. నాటకంలో ఆసామికి ఆ పేరే పెట్టాడు. నాకెన్‌హైమ్ జనానికి ఇది ఎవరి గురించో ఊహించుకోవలసిన పనే లేకపోయింది. చాలాకాలం ఆయన సొంత ఊరికి నిశ్చింతగా వెళ్ళగలిగే పరిస్థితి లేదు.

అయితే ఒక మాట. మీ ఊళ్ళో అది తెలియక జరిగింది. ఈయన తెలిసే చేశాడు. నా లెక్కలో అది ద్వేషంతో చేసింది కాదు. గుండర్‌లోఖ్ పాత్ర నాటకం మొత్తానికి గుండెకాయ. కొట్లాటలో అందరికంటే ముందు చొక్కా చేతులు మడిచేది ఆయనే, పొద్దున్నే తన తప్పు తను తెలుసుకునేదీ ఆయనే. ఇంటి పనులు చూసుకునే ఆన్నెమరీ మీద తనకి ప్రేమ ఉందని ఆ వయసులో గ్రహిస్తాడు. అంత మంచి పాత్రకి ఊరివాడి పేరు పెట్టడం గౌరవమనుకున్నాడేమో. అవతలివాళ్ళకి అలా అనిపించలేదు.

నీలాటిరేవు
నేను ఇంగ్లీషు అనువాదంలో చదివాను. అందరూ నవ్వు, స్వేచ్ఛ, ప్రకృతి అంటున్నారు. నాకు మాత్రం ఆ షరతు దగ్గర గొంతులో ముద్ద అడ్డం పడింది.

తండ్రి తన కూతురి విషయంలో, చూలు నిలవని పశువుని ఎవరు కొంటారన్నట్టు మాట్లాడతాడు. అది హాస్యం. చర్చివాళ్ళు దాన్ని తప్పుపట్టారు గాని, ‘పెళ్ళికి ముందా’ అని తప్పుపట్టారు. ఆ పిల్లని ఎవరూ అడగలేదేం అని ఎవరైనా తప్పుపట్టారా? నాకు ఈ రెండు వైపులూ ఒకే బల్ల మీద కూర్చుని కనిపిస్తున్నాయి. ఒకడు పిల్ల కడుపు పండాలంటాడు, ఒకడు తాళి కట్టేదాకా పండకూడదంటాడు. ఇద్దరూ మాట్లాడేది పిల్ల కడుపు గురించే.

పెంటకుప్ప మీద క్నూత్సియుస్‌ని చూసి నేనూ నవ్వాను, కాదనను. కాని ఈ నాటకాన్ని ఆడవాళ్ళకి స్వేచ్ఛ ఇచ్చిన నాటకంగా చెప్తే ఒప్పుకోలేను.

రైన్‌ఒడ్డు
నీలాటిరేవుగారూ, మీ మాట చదివాక ఆట మళ్ళీ కళ్ళ ముందు తిప్పుకున్నాను. ఆ రోజు క్లేర్‌షెన్ వేసిన అమ్మాయి ఆ షరతు వినే చోట తండ్రి వైపు చూడలేదు, గ్లాసు తుడుస్తూ ఉండిపోయింది. అందరూ నవ్వుతుంటే ఆమె ముఖం మాత్రం రాయిలా ఉంది. దర్శకుడికి మీ సందేహమే వచ్చి ఉండాలి. అప్పుడు నాకు తట్టలేదు.

కొత్తచిగురు
నేను హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకుంటున్నాను, రెండో ఏడు. ఒక ప్రశ్న. అంత గొడవ జరిగితే ప్రభుత్వం ఎందుకు నిషేధించలేదు? మన దగ్గర బ్రిటిష్‌వాళ్ళు 1876లోనే నాటక ప్రదర్శనల చట్టం తెచ్చి ఆపేసేవాళ్ళు కదా.

శారద_బెర్లిన్
మంచి ప్రశ్న. 1918 దాకా జర్మన్‌వాళ్ళకీ ఉండేది. నాటకం ఆడాలంటే ముందు పోలీసులకి రాతప్రతి చూపించాలి. యుద్ధం ఓడాక వచ్చిన గణతంత్రపు వైమర్ రాజ్యాంగం 1919లో 118వ అధికరణంలో సెన్సారు ఉండదని తేల్చి చెప్పింది. సినిమాకి మాత్రం మినహాయింపు. దాంతో నాటకాన్ని ఆపాలనుకున్నవాళ్ళకి రెండే దారులు మిగిలాయి. ఒకటి కోర్టు. 1921లో ఆస్ట్రియా రచయిత ష్నిట్స్‌లర్ నాటకం ‘రైగెన్’ ఆడిన నటీనటుల్ని, దర్శకుణ్ణి అశ్లీలం కింద బోనెక్కించారు. అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. రెండోది హాల్లో అల్లరి. ఈలలు, కంపు గోళీలు, కేకలు. అల్లరి ముదిరితే శాంతిభద్రతల పేరు చెప్పి పోలీసులే ఆట ఆపాలి. అల్లరి చేసినవాడికి కావలసింది అదే.

‘ద్రాక్షతోట’ ఈ రెండో దారిన నలిగింది. మొదటి ఆట జరిగి ఏడాది నిండకముందే, 1926 డిసెంబరులో, యువతని ‘చెత్త, మురికి’ రాతల నుంచి కాపాడే చట్టం పార్లమెంటులో నెగ్గింది. అది అచ్చు పుస్తకాలకి, నాటకాలకి కాదు. కాని గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది.

నీలాటిరేవుగారికి జవాబు బాకీ ఉన్నాను. మీరన్నదాంట్లో చాలా భాగం ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం కలుపుతాను. క్లేర్‌షెన్ చివరికి తండ్రి చూసినవాణ్ణి వదిలి, తను కోరుకున్నవాడి దగ్గరికి వెళ్తుంది. ఆ సరంగు ఇంటిపేరు ‘మోస్ట్’ అంటే అప్పుడే పిండిన ద్రాక్షరసం, ఇంకా పులవనిది. త్సుక్‌మయర్ ఆ పేరు ఊరికే పెట్టాడనుకోను. అయినా ఆ ఎంపిక ఆమెకి తండ్రి చేతి నుంచి మొగుడి చేతికి వెళ్ళడమే అంటే, కాదనడానికి నా దగ్గర మాట లేదు.

మీ కోపం చూస్తే మారీలూయిసె ఫ్లైసర్ గుర్తొస్తోంది. ఆమె గురించి చెప్పకుండా ఈ చర్చ ముగించలేం. ఇంగోల్‌స్టట్ అనే బవేరియా పట్నం ఆమెది. తండ్రికి ఇనప సామాను దుకాణం. ఆమె ‘ఇంగోల్‌స్టట్‌లో సైనిక పనివాళ్ళు’ అనే హాస్యనాటకం రాసింది. ఊళ్ళోకి వంతెన కట్టడానికి దిగిన సైనికులు, వాళ్ళ వెంట తిరిగే పనిమనుషులు. హాస్యం అన్నారే గాని చదివితే గుండె పట్టేస్తుంది. 1929 మార్చి నెలాఖరున బెర్లిన్‌లో ఆడారు. ఎక్కడో తెలుసా? అదే షిఫ్‌బవర్‌డమ్ నాటకశాల. గొడవ పెద్దది కావాలని బ్రెఖ్ట్ కావాలనే కొన్ని రంగాలకి కారం దట్టించాడు. పోలీసు అధికారులు మార్పులు చేయించారు. ఇంగోల్‌స్టట్ భగ్గుమంది. మేయరే బహిరంగంగా ఖండించాడు. తండ్రి కొన్నాళ్ళు ఇంటి గడప తొక్కవద్దన్నాడు.

ఇప్పుడు పోల్చి చూడండి. త్సుక్‌మయర్ ఊరి పరువు తీశాడన్నారు. ఆయనకి బహుమతి వచ్చింది, ఆ ఒక్క నాటకం డబ్బుతో 1926లో జాల్జ్‌బుర్గ్ దగ్గర హెన్‌డోర్ఫ్‌లో పాత మిల్లు ఇల్లు కొనుక్కున్నాడు. ఫ్లైసర్ ఊరి పరువు తీసిందన్నారు. ఆమె కొన్నేళ్ళకి డబ్బుల్లేక ఆ ఊరికే తిరిగొచ్చి, ఒక పొగాకు వ్యాపారిని పెళ్ళిచేసుకుని, ఆ దుకాణంలో నిలబడింది. నాజీలు రాతకి అడ్డం పడ్డారు. మళ్ళీ ఆమె పేరు అందరి నోట్లో పడేసరికి డెబ్బయ్యో పడికి దగ్గర పడింది.

నీలాటిరేవు
ఇది నాకు తెలియదు. పొద్దున చదివి ఇప్పటిదాకా వేరే పని చేయలేకపోయాను.

ఒకే నాటకశాల, మూడేళ్ళ పైచిలుకు తేడా. మగవాడు ఊరిని రంగం మీదికి తెస్తే ఊరు అతన్ని తిట్టింది. ఆడది తెస్తే ఊరితో పాటు ఇల్లు కూడా తలుపు వేసుకుంది. ‘ద్రాక్షతోట’లో ఆడపిల్లలు చివరికి నవ్వుతారు కాబట్టి జనం ఎప్పటికైనా క్షమించగలిగారు. ఫ్లైసర్ నాటకంలో పనిమనిషి పిల్ల నవ్వదు. అది క్షమించడం కష్టం.

కరీంనగర్ రాజన్న
నీతి సంఘాల ముచ్చట వచ్చింది గనుక ఇంకొకాయన సంగతి. లుడ్విగ్ తోమా, బవేరియా. ‘సింప్లిసిస్సిముస్’ అనే పత్రికల నీతి సంఘాల పెద్దమనుషుల మీద కవిత రాసిండని ఆరు వారాలు జైలేసిండ్రు, 1906ల మ్యూనిక్ స్టాడెల్‌హైమ్ జైలు. బయటికొచ్చినంక 1908ల ‘మోరాల్’ అని హాస్యనాటకం. చిన్న పట్నంల నీతి సంఘం పెద్దలు, పొద్దున ఉపన్యాసాలు. అదే ఊళ్ళె ఒకామె ఇంటికి రాత్రిపూట ఎవరెవరు పోతున్నరో రాసుకున్న పుస్తకం పోలీసుల చేతికి చిక్కుతది. అందులున్న పేర్లు వీళ్ళవే. ఇగ కేసు ఎట్ల మాయం జేయాల్నని అందరు ఒక్కటైతరు.

నాకు ఇది ‘ద్రాక్షతోట’ కన్న గట్టిగ తాకింది. ఎందుకంటే గిక్కడ ఊరోల్లను ఏం అనలే, నీతి పేరు చెప్పుకొని బతికెటోల్లనే పట్టుకున్నడు.

శారద_బెర్లిన్
రాజన్నా, తోమా గురించి రెండో సగం కూడా చెప్పాలి. చివరి రోజుల్లో, 1920-21లో, బవేరియాలో ఒక చిన్న ప్రాంతీయ పత్రికకి పేరు లేకుండా యూదుల మీద విషం కక్కుతూ వ్యాసాలు రాశాడు. అవన్నీ కలిపి పుస్తకంగా వచ్చింది 1989లో. నాటకం మంచిదే. రాసినవాడు అక్కడ ఆగలేదు, అంతే.

ఇదే చూపుతో ‘ద్రాక్షతోట’ని కూడా చూడాలి. అందులో వైన్ కొనడానికి వచ్చే వ్యాపారుల్లో యూదులు ఉన్నారు. రైన్‌హెస్సెన్ వైన్ వ్యాపారంలో అప్పట్లో యూదు కుటుంబాలు చాలా ఉండేవి కాబట్టి అది ఊరి నిజమే. కొన్ని చోట్ల వాళ్ళని చూపించిన తీరు మీద ఇవాళ పరిశోధకులు ప్రశ్నలు వేస్తున్నారు. త్సుక్‌మయర్ తల్లి వైపువాళ్ళు యూదు మూలాలున్నవాళ్ళు, ఆ నాజీల వల్లనే ఆయన దేశం విడిచాడు. ఆ వైన్ వ్యాపారుల కుటుంబాలు పదేళ్ళు తిరిగేసరికి ఆ తోటల్లోంచి తరిమివేయబడ్డాయి. ఆ సంగతి తెలిసి ఈ రంగం చూస్తే నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. నాకు ఆగింది.

పరిషత్ మాస్టారు
మీరంతా ఇంత చెప్తుంటే వినడమే నా పని. ఒక్క మాట నటుడిగా.

హాస్యంలో మనిషిని రెండు రకాలుగా చూపించవచ్చు. పైనుంచి కిందికి చూసి ఒకటి, పక్కన కూర్చుని ఒకటి. పట్నం నుంచి వచ్చి పల్లెటూరివాడి నడక చూపించి నవ్విస్తే అది మొదటిది. పల్లెవాడే తన మామయ్య నడక చూపిస్తే అది రెండోది. త్సుక్‌మయర్ రెండోదనే నాకు తోస్తోంది. కాని బెర్లిన్ హాల్లో కూర్చున్నవాళ్ళకి అతను మామయ్యని చూపిస్తున్నాడని తెలుసా? వాళ్ళకి అది ‘అబ్బ, పల్లెటూరి మొరటు జనం’ అనే కనిపించి ఉంటుంది. ఊరివాళ్ళ కోపం అక్కడ అనుకుంటాను. ఇంట్లో మాటని బెర్లిన్‌కి తీసుకెళ్ళి అందరి చేతా నవ్వించాడని. అదే నాటకం మొదట నాకెన్‌హైమ్ పెరట్లో ఆడి ఉంటే ఎలా ఉండేదో.

పైగా అప్పుడు ఆ ప్రాంతం ఫ్రెంచి సైన్యం ఆక్రమణలో ఉంది కదా, 1930 దాకా. ఓడిపోయిన ఊరు, పరాయి సైనికులు వీధిలో ఉన్న ఊరు. అలాంటప్పుడు మిగిలేది పరువొక్కటే. దాని మీద చెయ్యి పడితే మనిషి సహించడు.

కొత్తచిగురు
మాస్టారూ, ఈ మాట మా తరగతిలో చదివి వినిపించవచ్చా? మీ పేరు చెప్పను.

పరిషత్ మాస్టారు
చెప్పినా ఫర్వాలేదు తల్లీ. నాటకం చదివి ఒక రంగం తెలుగులో చేసి చూడు. వైన్‌ని కల్లు చేసెయ్యకు. ద్రాక్షతోటని ద్రాక్షతోటగానే ఉండనీ. కాని మాట మాత్రం పుస్తకాల తెలుగు పెట్టకు. గురజాడవారు 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడించినప్పుడే తేల్చేశారు, మనుషులు మాట్లాడే మాటే రంగం మీద నిలుస్తుందని. గుండర్‌లోఖ్‌కి ఒక యాస, క్నూత్సియుస్‌కి గ్రాంథికం. అతను నోరు తెరవగానే పెంటకుప్ప వాసన జనానికి ముందే తెలియాలి.

రైన్‌ఒడ్డు
ఆలస్యానికి మన్నించండి. పోయిన శనివారం నాకెన్‌హైమ్ వెళ్ళాను. మైన్జ్ నుంచి రైల్లో పావుగంట కూడా పట్టదు. స్టేషను దిగి కొండ వైపు నడిస్తే నేల ఎర్రగా, తడిస్తే నెత్తురు ముద్దలా ఉంటుంది. ఆ ఎర్రమట్టి వాలుని ఇక్కడ ‘ఎర్రకొండ’ అంటారు, నాకెన్‌హైమ్ నుంచి నియర్‌స్టైన్ దాకా. కోత అయిపోయింది, ఆకులు పసుపు రంగు తిరిగాయి. కింద రైన్, సరుకు పడవలు నెమ్మదిగా. యోఖెన్ మోస్ట్ ఇటే వెళ్ళి ఉంటాడనుకున్నాను.

ఇవాళ ఈ ఊరు త్సుక్‌మయర్‌ని నెత్తిన పెట్టుకుంది. గుండర్‌లోఖ్ వైన్ ఇంటివాళ్ళు రీస్లింగ్ అనే ఒక తెల్ల వైన్‌కి ‘జాఁ-బాప్టిస్ట్’ అని పేరు పెట్టారు, నాటకంలో ఆసామి పేరే. ఒకనాడు తలవంపులనిపించిన పేరు ఇప్పుడు సీసా మీద. ఒకటి కొన్నాను.

ఆయన బతుకు గురించి ఇక్కడ ఎవరూ ఇంకా చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. 1938లో ఆస్ట్రియాని హిట్లర్ కలిపేసుకోగానే హెన్‌డోర్ఫ్ ఇల్లు వదిలి స్విట్జర్లాండ్‌కి పారిపోయాడు, మరుసటి ఏడు అమెరికా. వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పాత పొలం అద్దెకి తీసుకుని మేకలు, కోళ్ళు పెంచాడు. ద్రాక్షతోటల గురించి రాసిన మనిషి మంచు ఊళ్ళో పెంట ఎత్తి బతికాడు. నాటకాలు రాయడానికి రాత్రిళ్ళే మిగిలేవట. 1946లో తిరిగొచ్చాడు, అమెరికా ప్రభుత్వ ఉద్యోగిగా. చివరికి స్థిరపడింది స్విట్జర్లాండ్ కొండల్లో, 1977లో పోయాడు.

నీలాటిరేవుగారి మాట నాలో ఉండిపోయింది కాబట్టి, ఆ ఎనభై దాటిన ఆవిడని మళ్ళీ కలిశాను. మా వీధి చివర రొట్టెల దుకాణంలో కనిపించింది. షరతు గురించి అడిగాను: ఒక ఆడపిల్లగా మీకు ఎలా అనిపించింది అని. కాసేపు ఆలోచించి అంది: ‘మా అక్క పెళ్ళికి ముందే కడుపుతో ఉంది. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు అలాగే జరిగేవి. ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ నాటకం పైకి అంది.’

మరి మీ నాన్నగారికి కోపం అందుకేనా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆయన నాటకం చూడలేదట. 1952లో సినిమాగా వచ్చినప్పుడు మాత్రం, ఎవరికీ చెప్పకుండా మైన్జ్ వెళ్ళి చూసొచ్చాడట. ఇంటికొచ్చి భోజనం బల్ల దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరవాత అన్న మాట ఒక్కటే: ‘వాళ్ళలో ఒక్కడికీ మన మాట పలకడం రాలేదు.’

కొత్తచిగురు
రెండో అంకం కొట్లాట రంగం తెలుగులో మొదలుపెట్టాను. మాస్టారూ, రేపు రాత్రికి మొదటి రెండు పుటలు ఇక్కడే పెడతాను. గుండర్‌లోఖ్ తిట్లకి మీ సాయం కావాలి.

పరిషత్ మాస్టారు
పెట్టమ్మా. తిట్లు నేను చూసుకుంటాను.